టెంకాయ చిప్పలో మూడు గింజలు

నా చెవుల గురించి నేనే చెప్పుకుంటే బాగుండదు గానీ, చెప్పకపోతే ఈ సంగతి మీకు అర్థం కాదు. మొత్తం ముప్పై నాలుగేళ్ళు, మొదట ఏఎన్‌ఎంగా, ఆ తర్వాత సూపర్‌వైజర్‌గా పనిచేశాను. తాడిమర్రి, బుక్కపట్నం, కనగానపల్లి పక్కపల్లెలన్నీ తిరిగి చివరికి పెనుకొండ దగ్గర తేలాను. ఈ ఊళ్ళలో ఎక్కడికి వెళ్ళినా ఇప్పటికీ ఎవరో ఒకరు "మా పిల్లోని గుండె మొదట విన్నది ఈయమ్మే" అంటారు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు బిడ్డ గుండె వినడానికి మా దగ్గర ఉన్నది చిన్న గొట్టం ఒక్కటే. దాని ఒక కొస గర్భిణి పొట్ట మీద, రెండో కొస మన చెవికి. వాకిట్లో కోళ్ళు కొట్లాడుకుంటున్నా, పక్కింట్లో టేప్‌రికార్డరు మోగుతున్నా, గొట్టం పెట్టిన నిమిషంలోపల నాకు బిడ్డ గుండె దొరకాల్సిందే. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు, ఉన్న మాట. సరే, కొంచెం గొప్ప కూడా.

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆడపిల్లలు ఎక్కడైనా కనబడితే ఒకటే ప్రశ్న. "మేడమ్, మీ సర్వీసులో మరిచిపోలేని కాన్పు ఏది?" వాగు పొంగిన రోజు ట్రాక్టర్ మీద జరిగిన కాన్పు గురించో, బస్‌స్టాండులో కవలలు పుట్టిన సంగతో చెబుతానని ఎదురుచూస్తారు. అవీ జరిగాయి. కానీ నేను మరిచిపోలేనిది నేను దగ్గర లేని కాన్పు. అది జరుగుతున్నప్పుడు నేను రైలు తలుపు దగ్గర నిలబడి, చేతిలో సిగ్నల్ లేని ఫోను పట్టుకుని ఉన్నాను. అలా నిలబడాల్సి రావడానికి కారణం కూడా నేనే. మీరు నాలాంటి తెలివైనవాళ్ళే కాబట్టి, ఈ సంగతి మీకు పనికొస్తుంది.

ముందు రెండు విషయాలు చెబుతాను. రెండూ నేను వందలమందికి నేర్పినవి.

మొదటిది మణికట్టు. బిడ్డ గుండె వినేటప్పుడు ఒక చేయి గొట్టం మీద ఉంటే, రెండో చేయి తల్లి నాడి మీద ఉండాలి. తల్లి రక్తం కూడా ఆ పొట్టలోనే పారుతుంది, దానికీ చప్పుడుంటుంది. మీకు వినిపిస్తున్న దెబ్బ, మీ వేళ్ళకింద తల్లి నాడి కొడుతున్న దెబ్బ ఒకటే అయితే, మీరు వింటున్నది తల్లిని. బిడ్డను కాదు. ఇంత చిన్న విషయం ట్రైనింగుకు వచ్చిన ఒక పిల్లకు ఎంతకీ వంటబట్టేది కాదు. తీరిగ్గా రెండు చేతులతో గొట్టం పట్టుకుని కళ్ళు మూసుకునేది. నేను ఊరుకునే రకం కాదు కదా, నాడి మీద ఉండాల్సిన ఆ రెండో చేతి మీద స్కేలుతో ఒక్కటి అంటించేదాన్ని. ఏడ్చేది. హాస్టల్లో నాకు పిడుగు అని పేరు పెట్టిందని తర్వాత తెలిసింది. ఈ పిల్లను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

రెండోది గింజలు. ఏడో నెల దాటిన ప్రతి ఆడమనిషికీ పది చింతగింజలు, రెండు టెంకాయ చిప్పలు సిద్ధం చేసుకోమనేదాన్ని. అన్నం తిన్నాక ఎడమవైపు తిరిగి పడుకుని, బిడ్డ కదిలినప్పుడల్లా ఒక గింజ ఈ చిప్పలోంచి ఆ చిప్పలోకి వేయాలి. రెండు గంటల్లో పదీ అటు పడాలి. పడకపోతే ఎవర్నీ అడగొద్దు, బండెక్కి ఆసుపత్రికి వెళ్ళిపోవాలి. చదువు రానివాళ్ళు కూడా ఈ లెక్క తప్పరు. మిగిలిన సూపర్‌వైజర్లు నన్ను చింతగింజల మేడమ్ అని వెక్కిరించేవారు, నేను పట్టించుకోలేదు.

ఇక అసలు సంగతి. నేను రిటైరు కావడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. పెనుకొండలో అద్దె ఇంట్లో ఉంటున్న ఒక అమ్మాయి మా సెంటరుకు చూపించుకోవడానికి వచ్చేది. మొగుడికి హైవే పక్క ఫ్యాక్టరీలో ఉద్యోగం. అమ్మాయి పుట్టిల్లు కనగానపల్లి దగ్గర పల్లె, గొర్రెలు మేపుకునే కుటుంబం. తల్లి చిన్నప్పుడే పోతే అవ్వ పెంచింది. గొర్రెల వెంట పోతూనే మనవరాలిని డిగ్రీ దాకా చదివించిన మనిషి ఆ అవ్వ. అమ్మాయికి అంతకుముందు ఒక కడుపు నాలుగో నెలలో పోయింది. ఎలా పోయిందో తెలియలేదు, స్కానింగుకు వెళితే గుండె లేదన్నారు, అంతే. అప్పట్నుంచి ఆ పిల్లకు లోపల ఒక భయం ఉండిపోయింది. వచ్చిన ప్రతిసారీ బల్ల మీద పడుకోకముందే "ఉండాదా మేడమ్?" అని అడిగేది. నేను గొట్టం తీయకముందే కళ్ళనిండా నీళ్ళు.

ఆ భయం చూడలేకనే మొగుడు ఒక మిషన్ తెప్పించాడు. గులాబీ రంగులో అరచేతంత ఉంటుంది. ఇంట్లోనే జెల్ రాసి పొట్ట మీద పెడితే బిడ్డ గుండె వినిపిస్తుంది, పైన నంబరు కనబడుతుంది. ఆన్‌లైన్లో ఎవరైనా కొనుక్కోవచ్చట. నాకు చూపించడానికి తెచ్చిన రోజు, నిజం చెబుతున్నాను, నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళు చెవులు అరగదీసుకుని నేర్చుకున్న విద్యను పోస్టులో పంపిస్తున్నారా అనిపించింది.

"ఏమప్పా, ఇంగ మాకు పనిల్యాకుండా చేస్తావా?" అన్నాను.

"లేదు మేడమ్, మీరే నేర్పియ్యల్ల. మా ఇద్దరికీ గరగర శబ్దం దప్ప ఏమీ దొర్కలేదు" అన్నాడు అతను.

ఆ ఒక్క మాటకు నేను కరిగిపోయాను. మిషన్ తీసుకుని ఎక్కడ పెట్టాలో, ఎంత వంచాలో చూపించాను. డక్‌డక్ డక్‌డక్ అని గుర్రం పరిగెత్తినట్టు చప్పుడు గదంతా నిండింది. నంబరు నూట నలభై నాలుగు. ఆ పిల్ల మొహం చూడాలి మీరు. ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. నా కళ్ళూ తడిశాయి. ఆ రోజునుంచి మిషన్‌కు నేనే పెద్దదిక్కు అయిపోయాను.

ఏడో నెలలో పెనుకొండలోనే శ్రీమంతం చేశారు. పాటలకని తెచ్చిన సౌండ్ బాక్సుకు మొగుడి స్నేహితుడు ఒకడు ఆ మిషన్ తగిలించాడు. నన్ను పిలిచి పీట పక్కన కుర్చీ వేశారు. నేను మిషన్ పెట్టగానే బిడ్డ గుండె వీధి చివర దాకా మోగింది. ముత్తైదువలు అక్షింతలు పట్టుకున్న చేతులు అలాగే ఉంచి నోళ్ళు తెరిచారు. ఎదురింటాయన స్కూటరు ఆపి విన్నాడు. నా జీవితంలో అంత మంది నన్ను ఒకేసారి మెచ్చుకోలుగా చూడటం అదే మొదలు, అదే కడ.

అవ్వ ఒక్కతే మొహం ముడుచుకుంది. వచ్చి మనవరాలి పొట్ట మీద కొంగు కప్పింది. "చాలు, ఆపండప్పా. లోపలుండే బిడ్డను సంతలోకి తెచ్చినట్లుండాది" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడే ఆ పిల్ల నన్ను అడిగింది, "మేడమ్, ఇంగా గింజలు ఎంచాల్నా?" అని. నా నోట్లో లడ్డు ఉంది, చేతిలో మిషన్ ఉంది. "ఇంత మిషను ఇంట్లో పెట్టుకోని ఇంగా గింజలేంటికే పిచ్చిదానా" అన్నాను.

కిటికీలో ఉన్న రెండు టెంకాయ చిప్పలను అవ్వ తీసి తన సంచిలో వేసుకుంది. నేను చూశాను. గాజులు, గంధం పంచే సందడిలో అది ఒక విషయంగా నాకు తోచలేదు.

ఎనిమిదో నెల పడగానే అమ్మాయిని కాన్పుకు పుట్టింటికి తీసుకెళ్ళారు. నేనప్పటికి హిందూపురంలో కట్టుకున్న ఇంటికి మారి, రోజూ పెనుకొండకు వచ్చిపోతున్నాను. సాయంత్రం ఆరున్నరకు నేను కాఫీ కలుపుకునే వేళకు ఫోను వచ్చేది. అమ్మాయి నంబరు చెప్పి ఫోనును మిషన్ దగ్గర పెట్టేది. నేను వినేదాన్ని, "బంగారంలా ఉండాది, పో" అనేదాన్ని. ఆ పిల్ల నిశ్చింతగా పడుకునేది, నేను నిశ్చింతగా కాఫీ తాగేదాన్ని. రెండో చేయి మణికట్టు మీద ఉండాలని ముప్పై ఏళ్ళు స్కేలు పట్టుకుని నేర్పిన మనిషిని కదా, ఆ ఫోనులో మణికట్టు ఎక్కడుందని ఒక్కసారి కూడా అనుకోలేదు. పొగడ్త చెవికి అడ్డం పడితే ఇలాగే ఉంటుంది.

నెలలు నిండడానికి ఇంకా మూడు వారాలుందనగా ఒక శనివారం. ఆ రోజు ఫోను చేసింది మొగుడు, సెలవుకని అత్తగారింటికి వచ్చాడు.

"మేడమ్, నిన్నట్నుంచి కొంచెం జ్వరం. ఒళ్ళునొప్పులంటాంది. బిడ్డ కదలడం తక్కువైనాదని అవ్వ ఒకటే గోల. మిషన్‌లో చూస్తే నూట పద్దెనిమిది ఉండాది. దీంతో ఇచ్చిన కాగితంలో నూట పది నుంచి నూట అరవై దాకా మంచిదే అని రాసుండారు."

"ఏదీ, వినిపియ్యి" అన్నాను.

వినిపించాడు. షూ, షూ, షూ అని గాలి కొట్టినట్టు ఉంది చప్పుడు. గుర్రం పరుగు కాదు. ఆ తేడా నాకు వినపడింది. ఇక్కడ నేను అబద్ధం చెప్పను, స్పష్టంగా వినపడింది. ఫోను సరిగా లేదేమో అనుకున్నాను. రోజూ నూట నలభై ఉండేది ఈ రోజు ఎందుకు తగ్గిందని కూడా అనుకున్నాను, పడుకుని ఉంటుందిలే బిడ్డ అని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను.

వెనకాల అవ్వ గొంతు వినపడింది. "ధర్మవరం ఆసుపత్రికి పోదాం పాండప్పా. ఇంగ దీంతో ఏం మాటలు?"

నేను ఫోను అవ్వకు ఇమ్మన్నాను. "ఏం కాదు పెద్దమ్మా. గుండె బాగుండాది, నేను విన్యా కదా. జ్వరం మాత్ర ఏసి, నీళ్ళు బాగా తాపు. రేపు చూద్దాం."

"సరేలేమ్మా, నువ్వు చెప్పినంక ఇంగేముండాది" అంది అవ్వ.

ఇంకెవరైనా ఆ మాట చెప్పి ఉంటే ఆ అవ్వ లెక్కచేసేది కాదు. చెప్పింది నేను కాబట్టి ఆగింది.

మరుసటి రోజు ఆదివారం. హిందూపురంలో మా చర్చిలో ఆరాధన జరుగుతోంది. మా పక్కింటి పాపకు ఒళ్ళు బాగాలేదు, వాళ్ళమ్మ పాటల బృందంలో ముందు నిలబడి ఉంటే, పాప నా ఒడిలో తల పెట్టుకుని పడుకుంది. ఒళ్ళు కాలిపోతోంది. అలవాటు చొప్పున నా వేళ్ళు దాని మణికట్టు మీదికి పోయాయి. నాడి ఉరుకుతోంది. జ్వరంలో నాడి ఉరకడం వింత కాదు. జ్వరం ఉన్నవాళ్ళకు ఎవరికైనా ఉరుకుతుంది, పిల్లలకైనా, పెద్దలకైనా, కడుపుతో ఉన్న ఆడమనిషికైనా.

నూట పద్దెనిమిది.

ఫాదర్ గారు ఏం చెబుతున్నారో నాకు వినబడటం మానేసింది. నేను నిన్న విన్నది బిడ్డ నిదానపు గుండె కాదేమో, జ్వరంతో ఉరుకుతున్న తల్లి నాడేమో. పాప తలను నెమ్మదిగా బెంచీ మీద పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వచ్చాను. ఆ అమ్మాయి మొగుడికి ఫోను కలిపాను.

మొగుడు ఫోను ఎత్తాడు. "రాత్రి మాత్ర ఏసినాం మేడమ్, జ్వరం కొంచెం తగ్గి మల్ల వచ్చినాది. మిషన్‌లో ఇప్పుడే చూసినాం, నూట ఇరవై. బాగనే ఉండాది."

"స్పీకర్ పెట్టు. అవ్వను పక్కన కూకోబెట్టు. మిషన్ పొట్ట మీద పెట్టి కదలకుండా పట్టుకో" అన్నాను. "పెద్దమ్మా, గొర్రెకు బాగల్యాకపోతే నాడి యాడ చూస్తావు?"

"యెనక కాలు లోపలి పక్క" అంది అవ్వ.

"మీ పిల్లకు మణికట్టు కాడ చూడు. బొటనేలి కింద. దొరికినాదా?"

"ఆఁ, దొరికినాది. ఉరుకుతాంది."

"అది కొట్టినప్పుడల్లా నువ్వు గట్టిగా ఊఁ అను. కొట్టినప్పుడే అనల్ల, ముందు అనద్దు, యెనక అనద్దు."

అవ్వ మొదలుపెట్టింది. ఊఁ, ఊఁ, ఊఁ. దాని వెనకాల మిషన్ చప్పుడు. షూ, షూ, షూ. నేను చర్చి గోడకు ఆనుకుని ఒక చెవి వేలితో మూసుకుని విన్నాను. పది దెబ్బలు కలిశాయి. ఇరవై కలిశాయి. అవ్వకు ఊపిరి ఆడక మధ్యలో ఆగి మళ్ళీ అందుకుంది, అప్పుడూ కలిశాయి. రెండూ ఒకటే.

"మిషన్ కిందికి జరుపప్పా. ఇంగా కిందికి. ఎడమ పక్కకు."

అతను జరిపాడు. గరగర తప్ప ఇంకేమీ లేదు. కుడి పక్కకు జరిపితే మళ్ళీ షూ షూ, మళ్ళీ అవ్వ ఊఁ ఊఁ. నాకు విషయం అర్థమైన క్షణంలోనే అవ్వకూ అర్థమైంది. చదువు లేదు, మిషన్ తెలియదు, కానీ రెండు దెబ్బలు కలిసి పడుతున్నాయని ఆమె వేళ్ళకు తెలిసిపోయింది. ఊఁ అనడం ఆపేసింది.

"ఇది మా పిల్లదే కదా నర్సమ్మా" అంది. "మరి బిడ్డ యాడ?"

పక్కన ఆ అమ్మాయి ఊపిరి గట్టిగా పీల్చిన చప్పుడు వినబడింది. అవ్వే మళ్ళీ మాట్లాడింది. గొంతు తగ్గించి, ఎవర్నీ తప్పుపట్టనట్టు.

"నిన్న నీతో మాట్లాడినంక గింజలు పెట్టుకోని కూకున్యా. నా చెయ్యి పిల్ల కడుపు మీదనే పెట్టుకున్యా. పదిట్లో మూడే పడినాయి. ఈ పొద్దు ఒగటీ పడల్యా. నువ్వు బాగుండాదంటివి కదా, అందుకే నోరు మూసుకున్యా."

ఆ మాట నన్ను ఎక్కడ కొట్టాలో అక్కడ కొట్టింది. కానీ అప్పుడు ఏడవడానికి టైము లేదు.

"పెద్దమ్మా, నేను తప్పు చెప్పినా. ఇప్పుడు చెప్పేది యిను. గుడ్డలు సర్దొద్దు, ఎవురికీ చెప్పొద్దు, యా బండి దొరికితే ఆ బండెక్కి ధర్మవరం పెద్దాసుపత్రికి పోండి. నేను ఆసుపత్రికి ఫోన్ చేస్తా."

వాళ్ళకు దొరికింది పక్కింటివాళ్ళ బొలెరో ట్రక్కు, వారపు సంతకు గొర్రెలను మోసుకుపోయేది. అమ్మాయిని ముందు సీట్లో పడుకోబెట్టుకుని, అవ్వ వెనక గొర్రెల గడ్డిలో కూర్చుని బయల్దేరారు. నేను ధర్మవరం పెద్దాసుపత్రికి ఫోను చేశాను. అక్కడ కాన్పుల వార్డు సిస్టరు ఎవరనుకున్నారు? నా దెబ్బలు తిని ఏడ్చిన పిల్లే. ఆదివారం అయినా డ్యూటీలో ఉంది, ఆ మేలు దేవుడిదే. సంగతంతా చెప్పాను. నా తప్పుతో సహా.

"రానియ్యండి మేడమ్. డాక్టరమ్మను ఇంటినుంచి పిలిపిస్తా, థియేటర్ రెడీ చేయిస్తా" అంది. నేనేదో చెప్పబోయాను. "మేడమ్, మీరు ఫోన్ పెట్టేయండి, నాకు పనుంది" అంది. నా మొహం మీద ఫోను పెట్టేసినందుకు నేను ఎవర్నైనా దీవించానంటే ఆ పిల్లనే.

పక్కవాళ్ళ చెప్పులేవో తొడుక్కుని స్టేషనుకు ఆటో ఎక్కాను. అదృష్టం కొద్దీ ధర్మవరం వైపు రైలు ఇరవై నిమిషాల్లోనే ఉంది. పెనుకొండ కొండ కనబడే వేళకు ఆ సిస్టరు నుంచి మెసేజ్ వచ్చింది. "వచ్చారు. నాడి పట్టుకునే విన్నాను. బిడ్డ గుండె ఉంది. కానీ తొంభై, ఇంకా తగ్గుతోంది. థియేటర్‌కు." అంతే, సిగ్నల్ పోయింది.

ఉంది అన్న మాటకు తలుపు పక్క కమ్మీ గట్టిగా పట్టుకున్నాను. తొంభై అన్న మాటను మళ్ళీ మళ్ళీ చదివాను. నెలలు నిండబోతున్న బిడ్డ. నిన్న సాయంత్రమే వెళ్ళి ఉంటే పది గంటలు కాదు, పదిహేను గంటల ముందే చూసేవారు. ఆ పదిహేను గంటలు ఎవరు తిన్నారు? మిషన్ కాదు. అది తనకు వినబడిందే వినిపించింది, కాగితంలో ఉన్నదే చెప్పింది. మొగుడు కాదు, పాపం అతనికేం తెలుసు. నేను. రైల్లో ఎవరో పల్లీలు అమ్ముతున్నారు, ఎవరో పిల్లాడు కిటికీ దగ్గర పాట పాడుతున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి ఫోను పైకెత్తి, కిందికి దించి, సిగ్నల్ గీతల కోసం చూస్తూ ఉన్నాను. ఆ అమ్మాయి మొదటి బిడ్డకు ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. ఈ బిడ్డకు ఏమైనా అయితే, దేనివల్లో నాకు తెలుసు.

ఆసుపత్రి వరండాలో అవ్వ నేలమీద కూర్చుని ఉంది. చీరంతా గడ్డిపరకలు. మొగుడు గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"లోపలికి తీస్కపోయి శానాసేపాయ" అంది అవ్వ. "బిడ్డను బైటికి తీసినారంట. ఏడ్చింది మాత్రం వినపడల్యా."

నేను ఆమె పక్కనే నేలమీద కూలబడ్డాను. ఇద్దరం తలుపువైపు చెవులు పెట్టుకుని కూర్చున్నాం. ముప్పై ఏళ్ళకు పైగా బిడ్డల గుండెలు విన్న చెవులు నావి. ఆ తలుపు అవతలినుంచి ఒక్క ఏడుపు కోసం అవి అడుక్కున్నంత ఇంకెప్పుడూ అడుక్కోలేదు.

వినబడింది. సన్నగా, కోపంగా, పిల్లికూన గొంతులాగా. అవ్వ నా చేయి పట్టుకున్న చోట మూడు రోజులు కమిలిపోయి ఉంది.

సిస్టరు బయటికి వచ్చింది. నుదుటి మీద చెమట. "ఆడపిల్ల. ఊపిరి అందుకోవడానికి కొంచెంసేపు పట్టింది మేడమ్. పేగు మెడకు చుట్టుకోని బిగుసుకుంది. పిల్లల వార్డులో వారమన్నా పెట్టాల్సి ఉంటుంది. కానీ బాగుండాది."

ఆమె నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా, "వార్డులో మా మిషన్ పెట్టంగానే కూడా మొదట వినబడింది తల్లిదే మేడమ్. నూట ఇరవై. రెండో చెయ్యి మణికట్టు మీద ఉండబట్టి సరిపోయింది. ఆ చెయ్యి అక్కడికి పోకపోతే ఇప్పటికీ నాకు మీ స్కేలు గుర్తొస్తాది" అంది. స్కేలుతో కొట్టడం తప్పే, మీరు చేయకండి. కానీ ఆ రోజు ఆ పిల్లను కౌగిలించుకుని నేను ఏడ్చిన ఏడుపు వార్డంతా చూసింది.

తర్వాత మొగుడినీ అవ్వనూ కూర్చోబెట్టి చెప్పాను. తప్పు మిషన్‌ది కాదు, మీది కాదు, నాది. గింజలు వద్దన్నది నేను, ధర్మవరం వద్దన్నది నేను. మొగుడు "అయ్యో, మీరు లేకపోతే" అంటూ ఏదో మర్యాదకు మొదలుపెట్టాడు. అవ్వ అతన్ని చేత్తో ఆపింది.

"నిన్న నిల్పింది నువ్వే. ఈ పొద్దు తరిమింది నువ్వే" అంది నాతో. "రెండూ నాకు గుర్తుంటాయి తల్లీ."

సంచిలోంచి టెంకాయ చిప్ప తీసి నా చేతిలో పెట్టింది. అందులో మూడు గింజలు. శనివారం సాయంత్రం అటు పడినవి.

ఆ తర్వాత నా సర్వీసు ఇంకా ఏడాది పైన ఉంది. ప్రతి సబ్ సెంటరుకూ ఆ చిప్ప తీసుకెళ్ళాను. ఇంట్లో మిషన్ పెట్టుకున్నవాళ్ళను తిట్టలేదు, తిట్టొద్దని మీకూ చెబుతున్నాను. భయపడిన తల్లికి ఆ చప్పుడు ఎంత ఓదార్పో నేను కళ్ళారా చూశాను. సంతోషానికి వినండి, ఇంటిల్లిపాదీ వినండి. కానీ కదలిక తగ్గిన రోజు మాత్రం మిషన్ బయటికి తీయొద్దు, నంబరు చూడొద్దు, ఫోనులో నాలాంటి మేడమ్‌కు వినిపించొద్దు. బండెక్కండి. ఇది చెప్పేటప్పుడు నేను గొంతు తగ్గించను. తప్పు చేసినవాళ్ళు గొంతు తగ్గించుకుని మూల కూర్చుంటే ఇంకొకరు అదే తప్పు చేస్తారు. రిటైరైన రోజు శాలువా కప్పి రెండు మాటలు చెప్పమంటే, హాల్లో ఉన్నవాళ్ళందరినీ పక్కవాళ్ళ మణికట్టు పట్టుకోమన్నాను. డాక్టర్లు కూడా పట్టుకున్నారు. అందరికీ నాడి దొరికేదాకా వేదిక దిగలేదు.

మొన్న కనగానపల్లి వైపు ఒక పెళ్ళికి వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు ఆ పల్లెలో దిగాను. అమ్మాయి సెలవులకని పుట్టింటికి వచ్చి ఉంది. అవ్వకు ఇప్పుడు కంటిచూపు బాగా మందగించింది. మంచం మీద కూర్చుని నా గొంతు గుర్తుపట్టి "రామ్మా నర్సమ్మా, కూకో" అంది. నేను సంచిలోంచి చిప్ప తీసి చూపించబోయాను. అప్పటిదాకా మంచం పట్టె పట్టుకుని నన్నే చూస్తున్న మూడేళ్ళ పిల్ల, మూడు గింజలూ ఒక్క గుప్పిట్లో లాక్కుని మాయమైంది.

"చూడు, ఎట్ల పెరుక్కోని పోయినాదో" అంది అమ్మాయి నవ్వుతూ.

అవ్వ మంచం మీదనుంచే చేతులు గాలిలో అటూ ఇటూ తడిమింది. ఇంట్లో రోజూ ఆడే ఆటలాగుంది, ఆమె గొంతులో కంగారేమీ లేదు.

"మరి బిడ్డ యాడ?" అంది.

నా చేతిలో చిప్ప అలాగే ఆగిపోయింది. మంచం కిందనుంచి గింజలు గలగలలాడాయి. ఇల్లంతా మోగేటట్టు ఒక గొంతు అరిచింది.

"ఈడుండా!"